మంచి నీళ్ళ మీద నేను వేసిన నింద

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి అరనిమిషం పట్టింది. మోయడానికి ఇన్నేళ్ళు పడుతోంది, ఇంకా దించింది లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు అనుమానం ఉంది గానీ ఏమిటో తెలియదు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తినేలోపే లేచి వాకిట్లోకి పోతాను, ఎవరో పిలిచినట్టు. ఎవరూ ఉండరు. "ఏంది మీకు, కాళ్ళ కింద నిప్పులేమన్నా ఉండాయా?" అంటుంది. నవ్వేసి ఊరుకుంటాను. ఆమెకు చెబితే ఏమవుతుంది? తిడుతుంది, తర్వాత సర్దిచెబుతుంది. ఆ సర్దిచెప్పడమే నాకొద్దు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. మీరు నన్ను ఓదార్చలేరు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నాకు నమ్మకం లేదు. చెప్పకపోతే పోదని మాత్రం బాగా తెలిసొచ్చింది.

నేను నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాణ్ణి. ఇప్పుడు తమిళనాడులోని గుడియాత్తంలో నాకు సొంతంగా చిన్న అంగడి ఉంది. అప్పుడు లేదు. వేలూరులో ఒక కంపెనీ ఉండేది, పేరెందుకు, ఇప్పుడది లేదు కూడా. ఒక మేడ మీది గదిలో మమ్మల్ని ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి మూడు రోజులు ట్రైనింగు ఇచ్చారు. మొదటి రోజంతా టై కట్టుకోవడం నేర్పించారు. రెండో రోజు కడ్డీల పెట్టె తెచ్చారు.

మీ ఇంటికీ ఎవరో ఒకరు తెచ్చే ఉంటారు దాన్ని. ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె, దాని కింద రెండు జతల లోహపు కడ్డీలు. రెండు గ్లాసులు పెడతారు. ఒక దాంట్లో మీ ఇంటి నీళ్ళు, ఇంకో దాంట్లో ఆర్వో మిషను నీళ్ళు. రెండింట్లోనూ కడ్డీలు ముంచి స్విచ్చి వేస్తారు. మీ నీళ్ళు మొదట పచ్చబడతాయి, తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి, నిమిషం తిరిగేలోపు పైన తెట్టు కట్టి కింద మడ్డి దిగుతుంది. మిషను నీళ్ళు మాత్రం చెక్కు చెదరవు. అప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్ళు "అయ్యో, ఇదా మనం తాగేది" అంటారు. మేము ఏమీ అనకూడదు. గమ్మున ఉండాలి. అది ట్రైనింగులోనే చెప్పారు.

అసలు సంగతి ఏమంటే, ఆ మడ్డి నీళ్ళది కాదు. కడ్డీది. నీళ్ళల్లో ఉప్పూ సున్నమూ కొంచెం కరిగి ఉంటేనే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా దిగుతుంది. ఆర్వోలో ఆ లవణాలన్నీ తీసేస్తారు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు, నీళ్ళు తెల్లగా ఉంటాయి. అంతే. ఆ మాట మాకు ట్రైనింగు ఇచ్చినాయనే చెప్పాడు. చెప్పి, మిషను నీళ్ళ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ స్విచ్చి నొక్కాడు. ఆ నీళ్ళూ మడ్డి అయిపోయాయి. "ఇది మాత్రం కస్టమర్ల ముందర చేయొద్దండప్పా" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

అంటే తెలుసు. మీరు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. నాకు తెలుసు.

గుడియాత్తంలో మగ్గాల వీధులు చాలా ఉన్నాయి. మునెమ్మ అనే ఆమె ఇల్లు అలాంటి ఒక వీధిలో ఉంది. మనవాళ్ళే, తెలుగు మాట్లాడే నేతగాళ్ళు, తాతల కాలం నుంచీ లుంగీలు నేసే ఇల్లు. నడవలో గుంట మగ్గం, వెనక పెరట్లో బావి. నూలుకు గంజి పెట్టడానికి ఆ బావి నీళ్ళే వాడేవాళ్ళు, తాగడానికీ అవే. ఆ వీధిలో మిగతా బావులన్నీ ఉప్పగా, సవరగా ఉంటే ఆ ఒక్క బావి తియ్యన. సాయంత్రమైతే వీధిలో సగంమంది ఆడవాళ్ళు కుడాలు, అదే బిందెలు, పట్టుకుని ఆమె వాకిట్లోంచే పెరట్లోకి పోయేవాళ్ళు. మునెమ్మ అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతూ ఒక్కొక్కరినీ పలకరించేది. ఎవరైనా ఒకరోజు రాకపోతే మర్నాడు నిలదీసేది. "ఏమే, నిన్న రాలేదే, మా బాయి చేదయిపోయిందా?" అనేదట. ఈ మాట తర్వాత ఆ వీధివాళ్ళు చెప్పగా విన్నాను.

నేను పోయేటప్పటికి ఆమె భర్త పోయి ఏడాది కాలేదు. కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్‌కు వేలూరుకు వారానికి రెండుసార్లు తీసుకుపోయి తీసుకొచ్చి, చివరికి దక్కించుకోలేకపోయారు. ఆ సంగతి వీధి మొదట్లో టీ అంగడిలో ముందే విన్నాను. విని లోపలికి పోయాను. మీరు కావాలంటే అప్పుడే నన్ను అసహ్యించుకోవచ్చు. చావు జరిగిన ఇల్లు వెతుక్కుని పోయానా? లేదని చెప్పాలని ఉంది. ఆ నెల ఇంకొక్క మిషను అమ్మితే నా ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పోతుంది. కొత్తగా పెళ్ళయినవాణ్ణి. ఇది సాకు అని నాకూ తెలుసు.

పెరట్లోకి పోయి, చేద వేసి నీళ్ళు తోడి, ఎవరూ చూడకుండా ముందు నా మీటరు ముంచాను. నీళ్ళల్లో కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే మీటరు అది, పెన్నులా ఉంటుంది. రెండు వందల ముప్పై చూపించింది. ఐదు వందల లోపు ఉంటే తాగడానికి ఏ దోషమూ లేదు. అంత మంచి నీళ్ళకు ఆర్వో పెట్టడమంటే, బాగున్న పంటిని పీకి కట్టుడు పన్ను పెట్టడమే. మీటరు ఉప్పును చెబుతుంది గానీ క్రిములను చెప్పదు, నిజమే. దానికి కాచుకుని తాగినా చాలు, చవకలో దొరికే మామూలు ఫిల్టరైనా చాలు. ఆ సంగతి చెప్పాల్సినవాణ్ణి నేను. మీటరు తుడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాత అరుగు మీద గ్లాసులు పెట్టి స్విచ్చి వేశాను. అది కుడాలతో ఆడవాళ్ళు వచ్చే వేళ. నేనే ఆ వేళకు పోయాను. ఐదారుగురు గుమిగూడారు. ఆమె కొడుకు శేఖర్ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు రంగు తిరిగాయి. తెట్టు కట్టింది.

మునెమ్మ అరుపులేమీ అరవలేదు. గ్లాసును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏందప్పా ఇది?"

"మీ బాయి నీళ్ళేనమ్మా."

"మా ఆయన దినామూ ఇదే కదప్పా తాగింది. పొద్దున్నే చెంబు నిండా ముంచి మగ్గం తావ పెట్టేదాన్ని. అయిపోతే మళ్ళీ నింపేదాన్ని. శానా తాగేవాడు." ఆగింది. "డాక్టరేమో సుగర్ వల్లనే అని చెప్పినాడు. పదైదేండ్లు ఉండాది ఆయనకి సుగర్. మాత్రలు సరిగ్గా మింగేవాడు కాదు. నిజం చెప్పు నాయనా. సుగరా, ఈ నీళ్ళా?"

ఇక్కడ ఆగుతాను కొంచెం.

ఆమె నాకు దారి చూపించింది, గమనించారా? డాక్టరు చెప్పింది తనే చెప్పింది. మాత్రలు మింగలేదనీ తనే చెప్పింది. నేను "డాక్టరు చెప్పిందే నిజమమ్మా" అని ఉంటే సరిపోయేది. "నాకేం తెలుసమ్మా" అన్నా సరిపోయేది. అలా అని ఉన్నా బహుశా మిషను కొనేవాళ్ళే. అప్పటికే వీధంతా భయపడింది కదా. మరి ఎందుకన్నాను? ఇన్నేళ్ళుగా ఇదే అడుక్కుంటున్నాను. అమ్మకం కోసమని చెప్పుకుంటే కొంచెం నయంగా ఉంటుంది. అంతకంటే హీనమైంది ఉందేమో. ఐదారుగురు ఆడవాళ్ళు నా నోటివైపే చూస్తున్నారు. డాక్టరు కంటే నాకే ఎక్కువ తెలుసన్నట్టు చూస్తున్నారు. పదో తరగతి చదివినవాణ్ణి, మెడలో టై ఉంది. ఆ చూపు నాకు బాగుంది.

"సుగర్ ఒకటే అయితే ఇంత బిన్నా, ఇంత తొందరగా పోరమ్మా. నీళ్ళ వల్ల కూడా అయ్యుంటాది" అన్నాను.

మునెమ్మ గ్లాసు కింద పెట్టింది. పెరట్లోకి పోయి గిలక మీద తాడు లాగి, చుట్ట చుట్టి, ఇంట్లో పెట్టి వచ్చింది. కుడం నింపుకుని నిలబడ్డ ఒకామె ఆ నీళ్ళను అక్కడే కాలువలో కుమ్మరించింది. చీకటి పడేలోపు శేఖర్ మిషను కాగితాల మీద సంతకం పెట్టాడు. నా ఉద్యోగం నిలిచింది.

నెల తిరగకముందే ఆ బావిని రాళ్ళూ ఇటుక ముక్కలూ వేసి పూడ్పించేసింది. "పిల్లోళ్ళుండే వీధి, ఎవరన్నా తాగితే ఆ పాపమూ నాకేనా?" అన్నదట. వీధిలో కొందరు నా దగ్గరే మిషన్లు కొన్నారు, కొందరు నీళ్ళ క్యాన్లు వేయించుకోవడం మొదలుపెట్టారు. మునెమ్మ ఇంట్లో బోరు వేశారు. బోరు నీళ్ళు నోట్లో పెట్టలేనంత ఉప్పు. ఇప్పుడు ఆ ఇంటికి నిజంగానే ఆర్వో కావాలి! ఒక కుడం నీళ్ళు శుద్ధి చేస్తే రెండు మూడు కుడాలు కాలువ పాలవుతాయి. తియ్యని నీళ్ళ ఇంట్లో ఇదంతా నేను చేసిన నిర్వాకం.

బావి సంగతి అలా ఉంచండి. బావి నన్ను తినదు.

కొన్ని నెలలకు మిషనులో క్యాండిళ్ళు, అంటే వడపోత గొట్టాలు, మార్చడానికి పోయాను. మిషను కింద మునెమ్మ చెంబు పెట్టి నీళ్ళు పట్టి, నడవలోకి తీసుకుపోయి భర్త ఫోటో ముందు పెట్టింది. నేను చూస్తున్నానని కొంచెం సిగ్గుపడింది. "ఇప్పుడన్నా మంచి నీళ్ళు తాగనీ నాయనా. అప్పుడు తెలియకపాయె" అంది. రోజూ పెడుతుందట. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. నువ్వు రాకపోయుంటే నా కొడుకునూ పోగొట్టుకునేదాన్ని అంది. ఏం చెప్పమంటారు? మజ్జిగ తాగి వచ్చేశాను.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పబోయాను కూడా, రెండుసార్లు. చెబితే ఏమవుతుంది? మొగుణ్ణి చంపానన్న బాధ పోతుంది, మంచి బావిని పూడ్చానన్న బాధ వస్తుంది. ఒక బరువు దించి ఇంకోటి ఎత్తడమే కదా. కాలమే మరిపిస్తుందిలే. ఇలా చెప్పుకున్నాను. చూశారా, ఎంత బాగా చెప్పుకున్నానో! అమ్మడం నేర్చినవాడికి తనకు తాను అమ్ముకోవడం కష్టమా?

కంపెనీ వదిలేసి సొంత అంగడి పెట్టాక ఆ కడ్డీల పెట్టెను ముట్టుకోలేదు. ఎవరొచ్చినా ముందు నీళ్ళు తెమ్మంటాను. వాళ్ళ ముందరే మీటరు పెడతాను. ఉప్పు తక్కువుంటే ఆర్వో వద్దు పొమ్మంటాను. బోరు నీళ్ళయితే ఎంత సైజుది కావాలో, వదిలేసే నీళ్ళను మొక్కలకూ గచ్చు కడగడానికీ ఎలా పట్టుకోవాలో చెబుతాను. కాట్పాడి నుంచి కూడా నన్ను వెతుక్కుని వస్తారు, నిజాయితీపరుడని. ఆ మాట విన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. ఇది మంచితనమా, లేక ఒక ఇంట్లో తీసుకున్నదాన్ని పది ఇళ్ళల్లో పంచి సరిపెట్టుకోవడమా? పంచినా మునెమ్మ ఇంటికి చేరదు కదా.

అలా ఇంకా ఎన్నేళ్ళు గడిచేవో. ఈ ఏడాది ఎండాకాలం ముందు మళ్ళీ క్యాండిళ్ళు మార్చడానికి పోయాను. మునెమ్మ మామూలుగానే పక్కన కూర్చుని మాట్లాడుతోంది. శేఖర్‌కు సుగర్ వచ్చిందని చెప్పింది. వాడికి నలభై దాటాయి.

"మాత్రలు రాసిచ్చినాడు డాక్టరు. వీడు మింగేదే లేదు, అచ్చం వాళ్ళ నాయనే. పరవాలేదులే నాయనా, మనకేం భయం? ఆయన పోయింది ఆ నీళ్ళతో. మన నీళ్ళు ఇప్పుడు మంచివి గదా. వీనికి కిడ్నీకేం కాదు."

నా చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. శేఖర్ పక్క గదిలో కూర్చుని టీ తాగుతున్నాడు. "అమ్మ చెప్పేది నిజమే అన్నా, మీరు చెప్పిందే కదా" అని నవ్వాడు. టీలో చక్కెర కూడా ఉండే ఉంటుంది.

నేను చెప్పిందే! ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా అందరూ నమ్ముతున్నది నా మాటనే, డాక్టరు మాటను కాదు. తండ్రిని చంపినదాన్ని ఇంట్లోనే పెట్టుకుని, చంపనిదాన్ని పూడ్చేశారు. ఇప్పుడు అదే కొడుకును తినడానికి కూర్చుంది. నేనేమో ఆరు నెలలకొకసారి పోయి క్యాండిళ్ళు మార్చి వస్తున్నాను.

ఆ రోజూ చెప్పలేదు. బండి ఎక్కి ఎటు పోతున్నానో తెలియకుండా పరదరామి దాకా పోయాను. అక్కడ పనేమీ లేదు. తిరిగి వచ్చాను. మర్నాడు అంగడి తెరిచి, వెంటనే మూసి, మళ్ళీ తెరిచాను. మూడో రోజు పొద్దున్నే వాళ్ళింటికి పోయాను.

నిలబడే చెప్పాను. కడ్డీ సంగతి, మడ్డి సంగతి, మీటరు చూపించిన అంకె, అన్నీ. నీళ్ళు మంచివేనమ్మా అన్నాను. డాక్టరు చెప్పిందే నిజం, ఆయన పోయింది సుగర్‌తోనే, శేఖర్‌ను రేపే వేలూరుకు తీసుకుపోండి అన్నాను. శేఖర్ ముఖం తెల్లబోయింది. మునెమ్మ భర్త ఫోటో వైపు తిరిగింది.

"అంటే నేను కాదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నేను కాదా నాయనా? నా చేత్తో పోసి నేనే చంపుకున్నానని గదా ఇన్నేండ్లూ అనుకుంటుండా. నేను కాదా?"

"మీరు కాదమ్మా."

ఏడ్చింది. పెద్దగా, ఇంటి దూలాలు అదిరేలా ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా అలా ఏడవలేదని శేఖర్ తర్వాత చెప్పాడు. కాసేపటికి బావి గుర్తొచ్చింది. "మంచి బాయిని పూడ్పిస్తినే" అని దానికీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పుడు ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నావైపు చూసింది.

"ఆ పొద్దే తెలుసునాప్పా నీకు?"

కోపం లేదు ఆ అడగడంలో. ఊరికే అడిగింది.

ఇప్పుడు చెప్పండి, ఏమనాలి నేను? అంత దూరం పోయాను. మిగిలింది ఒక్క మాట.

"తెలియదమ్మా. కంపెనీవాళ్ళు చెప్పమన్నారు, చెప్పినా. నాకూ మొన్నమొన్ననే తెలిసింది" అన్నాను.

తడుముకోకుండా అన్నాను. అంత బాగా వచ్చింది నోటికి.

"తెలియక చేసింది తప్పెట్లయితాదప్పా? గమ్మునుండు, నువ్వు ఏడ్చొద్దు" అని నా నెత్తి మీద చేయి పెట్టింది. కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టింది. తిన్నాను. నాలుగు పెడితే నాలుగూ తిన్నాను.

శేఖర్ వేలూరుకు పోయి వచ్చాడు. కిడ్నీలకు ఇంకా ఏమీ కాలేదన్నారట. మాత్రలు మింగుతున్నాడు, మునెమ్మ దగ్గరుండి మింగిస్తోంది. ఫోటో ముందు చెంబు పెట్టడం మానేసింది. ఇదంతా విని మీరు, పోనీలే, మంచే జరిగింది కదా అంటారేమో. జరిగింది. కాదనను. రెండు రోజులు నాకూ అలాగే అనిపించింది.

కానీ ఆమె నా గురించి వీధంతా చెబుతోంది. ఆ పిల్లోనికి తెలియదంట, తెలిసిన మర్నాడే పరుగెత్తుకొచ్చి చెప్పినాడు, ఈ కాలంలో అట్లాంటోళ్ళు యాడ ఉండారు అంటోంది. మొన్న ఒక పెళ్ళిలో నన్ను పట్టుకుని తన చుట్టాలందరికీ చూపించింది. వాళ్ళల్లో ఒక ముసలాయన నాకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. తాంబూలం కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఇదివరకు ఒక అబద్ధమే ఉండేది. ఇప్పుడు దాని మీద క్షమాపణ కూడా కొట్టేశాను. నాది కానిదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇది తెలుగులో రాయడం గురించి కూడా చెప్పేయాలి. మా అమ్మమ్మ ఊరు చిత్తూరు వైపు, అక్కడి బడిలో చదివాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. మునెమ్మకు రాదు. శేఖర్‌కూ రాదు. ఆ వీధిలో అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవాలంటే తమిళమే. ఇది తెలుగులో అచ్చయితే ఆ వీధిలో చదివే మనిషి లేడని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, ఇంకేమిటి? పోయి చెప్పొచ్చు కదా అంటారు. పోతానేమో. పోనేమో. పోతానని మీకు మాటిస్తే అది మూడో అబద్ధం అవుతుందని భయంగా ఉంది.

అందుకని మాటివ్వడం లేదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలి. ఇదిగో, రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

తెలుసమ్మా. ఆ పొద్దే తెలుసు.